అన్నిటికీ పెట్రోలే కారణమా? ఓపెన్ టాప్ పాత కారు మొరాయించడం వెనుక అసలు లోపాలు

పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరిన 2025 నుంచి పాత కార్లున్న వారి నోట తరచూ ఒకటే మాట. బండి దారి మధ్యలో ఆగినా, ఇంజన్ వేడెక్కినా, పికప్ తగ్గినా నింద కొత్త పెట్రోలు మీదికే పోతోంది. అందులో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంత మేరకో తేల్చుకోకుండా తప్పంతా దాని మీదే వేస్తే మాత్రం, స్పార్క్‌కు తోడ్పడే కండెన్సర్ పోయిన కారుకు, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ విప్పుతారు, పూడుకుపోయిన రేడియేటర్‌ను వదిలేసి పెట్రోలు పైపులు మారుస్తారు. డబ్బు పోతుంది, లోపం ఉన్నచోటే ఉంటుంది.

తిరుపతి, చిత్తూరు పరిసరాల్లో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, ఊరి అంచునే మొదలయ్యే ఘాట్ రోడ్డు. ఒకే బండి ఏడాదిలో ఈ మూడింటినీ ఎదుర్కొంటుంది. ఆ బండికి గట్టి పైకప్పు కూడా లేకపోతే ఒక లోపం ఇంకో లోపంలా కనిపించడం మొదలవుతుంది. ఆగిన చోట కారణం ఉండదు, నీరు నిలిచిన చోట చిల్లు ఉండదు. పాత ఓపెన్ కారు మరమ్మతులో కష్టమంతా ఇక్కడే ఉంది. భాగం మార్చడం ఏ మెకానిక్‌కైనా తెలిసిన పని. ఏ భాగాన్ని మార్చాలో తేల్చడమే కష్టం.

పైకప్పు తీసేస్తే ఏం పోతుంది

మన దగ్గర కనిపించే ఓపెన్ బండ్లు బయటికి ఒకేలా ఉన్నా నిర్మాణంలో మూడు రకాలు. మొదటి రకం మహీంద్రా జీపులు, 1985లో వచ్చిన మారుతి జిప్సీ లాంటివి. వీటికి కింద నిచ్చెన ఆకారంలో గట్టి ఛాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. బరువు మోసేది ఛాసిస్ కాబట్టి పైన గుడ్డ టాపు ఉన్నా లేకపోయినా బలం మారదు.

రెండో రకానికి మంచి ఉదాహరణ స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి తయారు చేసిన ఈ కారుకు రూపమిచ్చినవాడు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. తోటి కార్లు చాలావరకు ఛాసిస్‌ను వదిలేస్తున్న రోజుల్లో కూడా ఇది విడి ఛాసిస్‌తోనే వచ్చింది. బాడీని ముక్కలుగా చేసి బోల్టులతో కలిపారు, పైకప్పు కూడా అలా బిగించిన ముక్కే. అందుకే హెరాల్డ్‌ను ఓపెన్ కారుగా మార్చినా దాని వెన్నెముక దానికి ఉంటుంది.

మూడో రకం పెళ్లి ఊరేగింపుల కోసం కోసినవి: ఫియట్, పద్మిని, అంబాసిడర్. వీటికి విడి ఛాసిస్ లేదు. నేల, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే పెట్టెలా బరువు మోస్తాయి. కట్టర్‌తో పైభాగం కోసేస్తే ఆ పెట్టెకు మూత పోయినట్టే. ఆ పైన భారమంతా తలుపుల కింద సాగే సిల్ మీద పడుతుంది. సిల్ బోలుగా ఉంటుంది, నీరు చేరేదీ, తుప్పు మొదలయ్యేదీ అక్కడే.

ఈ తేడా తెలియకపోతే మరమ్మతు దారి తప్పుతుంది. ‘తలుపు సరిగా పడటం లేదు’ అని వచ్చిన కారుకు చాలాసార్లు కీలు మారుస్తారు, లాక్ జరుపుతారు. కొన్నాళ్లకు తలుపు మళ్లీ పట్టేస్తుంది. దీన్ని తేల్చే పరీక్షకు పనిముట్లు కూడా అక్కర్లేదు. చదునైన నేల మీద కారు నిలిపి, తలుపు వెనుక అంచుకీ బాడీకీ మధ్య సందు పై భాగంలో ఎంతుందో, కింద ఎంతుందో చూస్తారు. తర్వాత జాకీ పెట్టే చోట కారును కొద్దిగా ఎత్తి అదే సందును మళ్లీ చూస్తారు. జీపులోనూ, మంచి ఛాసిస్ ఉన్న హెరాల్డ్‌లోనూ అది దాదాపు మారదు. కోసిన కారులో సందు మారి తలుపు బిగుసుకుంటే బండి నడుము వంగుతోందన్నమాట. అక్కడ కీలుది తప్పు కాదు, సిల్‌ది. పైకి పుట్టీ, పెయింటు ఎంత నున్నగా ఉన్నా లోపల రేకు మిగిలిందా లేదా అన్నది సుత్తి పిడితో తట్టితే శబ్దంలో తెలిసిపోతుంది. గట్టి రేకు గణగణమంటుంది, తుప్పు తిన్నది డొల్లగా చప్పుడు చేస్తుంది.

ఈ కారు వంపు ముందు అద్దం మీదా పడుతుంది. స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ అద్దం ఫ్రేము కదులుతుంటే దాని రబ్బరు వదులై వానాకాలంలో నీరు దిగుతుంది. రబ్బరు మార్చి, సిలికాన్ పూసి ఊరుకుంటే మరుసటి వానాకాలానికి కథ మళ్లీ మొదటికొస్తుంది.

నీరు దిగిన చోటు, నిలిచిన చోటు

గుడ్డ టాపు ఉన్న బండిలో నీరు కారితే చూపు వెంటనే టాపు మీదికి పోతుంది. చాలాసార్లు గుడ్డలో తప్పేమీ ఉండదు. నీరు ఒకచోట లోపలికి వచ్చి, రేకు వాలు వెంట, తీగల కట్ట వెంట ప్రయాణించి, మరెక్కడో కార్పెట్ కింద నిలుస్తుంది. బండిని వాలులో ముక్కు పైకి పెట్టి నిలిపితే ముందు దిగిన నీరు వెనుక సీటు కింద కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎడమవైపు ముందు సీటు దగ్గర కాళ్లు పెట్టుకునే చోట మడుగు కట్టింది, పైన టాపు పొడిగా ఉంది. ముందుగా అడగాల్సిన ప్రశ్న: నిలిపి ఉన్నప్పుడు తడిసిందా, నడిపాక తడిసిందా? రాత్రంతా వానలో నిలిపినా లోపల పొడిగా ఉండి, వానలో నడిపాకే తడిస్తే నీరు పైనుంచి రావడం లేదు. చక్రం చిమ్మిన నీరు మడ్‌గార్డు లోపలి అతుకు దగ్గర తుప్పు చిల్లుల్లోంచి వస్తోంది. నిలిపి ఉంచినప్పుడే తడిస్తే వెతకాల్సినవి అద్దం రబ్బరు కింది మూల, వైపర్ ఇరుసు చుట్టూ ఉండే చిన్న రబ్బరు, బానెట్ వెనుక గాలి వచ్చే తొట్టి. ఈ ఒక్క ప్రశ్నతో సగం బండి విప్పే పని తప్పుతుంది.

ఆ తర్వాత నీళ్ల పైపుతో పరీక్ష చేస్తారు. ఒకరు లోపల కూర్చుంటారు, ఒకరు బయటినుంచి కింద మొదలుపెట్టి మెల్లగా పైకి వస్తూ నీరు పడతారు. పైనుంచి మొదలుపెడితే అన్ని సందులూ ఒకేసారి తడిసి ఏదీ తేలదు. తలుపు అద్దాల రబ్బరుకు ఇంకా తేలికైన పరీక్ష ఉంది. వార్తాపత్రికలోంచి చింపిన కాగితపు ముక్కను రబ్బరుకీ అద్దానికీ మధ్య పెట్టి తలుపు మూసి లాగుతారు. పట్టుగా వస్తే రబ్బరు ఆనుతోంది, జారి వచ్చేస్తే ఆనడం లేదు.

గుడ్డలోనే లోపం ఉన్న బండ్లు లేకపోలేదు. వాటిలోనూ ఎక్కువగా పాడయ్యేది గుడ్డ కాదు, కుట్టు. ఎండకు దారం పెళుసై సూది చిల్లులు వదులవుతాయి. వెనుక ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ పసుపు రంగుకు మారి బిరుసెక్కుతుంది, మడిచినప్పుడు మడత మీదే పగులుతుంది. జీపులకు, ఆటోలకు టాపులు కుట్టేవారు పాత టాపును నమూనాగా పెట్టుకుని కొత్తది కుట్టి ఇవ్వగలరు. సాగిపోయిన పాత గుడ్డ కొలతలే యథాతథంగా తీస్తే కొత్త టాపు కూడా వదులుగానే వస్తుంది, గాలికి కొట్టుకుంటుంది. కొలత తీయాల్సింది ఇనుప చట్రం మీద.

నీటి వల్ల వచ్చే అసలు నష్టం మాత్రం ఎండాకాలంలో బయటపడుతుంది. బాడీకి బిగించిన ఎర్త్ తీగల కింద తుప్పు పేరుకుంటుంది. బ్యాటరీ నుంచి వెళ్లిన కరెంటు బాడీ ద్వారానే తిరిగి రావాలి కాబట్టి ఆ తుప్పు దారికి అడ్డం పడుతుంది. హెడ్‌లైట్లు మసకగా వెలుగుతుంటే బల్బులు, బ్యాటరీ, డైనమో వరుసగా మార్చేస్తుంటారు. మల్టీమీటర్ ఉంటే తప్పు ఎక్కడుందో నిమిషంలో చెప్పవచ్చు. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, వెలుగుతున్న బల్బు దగ్గర 9.8 వోల్టులు ఉన్నాయనుకుందాం. పోయినవి 2.6 వోల్టులు. బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు ప్లస్ దాకా కొలిస్తే 0.3, బల్బు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్ దాకా కొలిస్తే 2.3 వచ్చింది. అంటే తీగలు, స్విచ్ బాగానే ఉన్నాయి, లోపం ఎర్త్‌లో ఉంది. ఫిలమెంట్ బల్బు వెలుగు వోల్టేజీ కంటే చాలా వేగంగా పడిపోతుంది. ఈ లెక్కలో అది సగానికి కూడా చేరదు. ఆ బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగిస్తే ఖర్చు దాదాపు లేదు.

పాత బ్రిటిష్ డిజైన్ కార్లలో కొన్నింటికి ప్లస్ తీగే బాడీకి ఎర్త్‌గా ఉంటుంది. అది గమనించకుండా కొత్త రేడియోనో, ఎల్‌ఈడీ దీపాలనో కలిపితే అవి అక్కడికక్కడే కాలిపోతాయి.

‘చల్లారితే మళ్లీ స్టార్ట్ అవుతుంది’

పాత కారు విషయంలో ఇంతగా దారి తప్పించే లక్షణం ఇంకొకటి లేదు. అలిపిరి దాటి కొంత ఎక్కాక ఇంజన్ దగ్గి ఆగిపోతుంది. అరగంట నీడలో ఉంచితే ఏమీ జరగనట్టు మళ్లీ లేస్తుంది. దీనికి కనీసం మూడు వేర్వేరు కారణాలున్నాయి, మూడూ చల్లారితే మాయమవుతాయి.

మొదటిది పైపులో పెట్రోలు ఆవిరి కావడం. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే మరగడం మొదలవుతాయి. పెట్రోలు పంపు ఇంజన్ పక్కనే ఉండి, పైపు సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా పోతుంటే ద్రవం బదులు ఆవిరి బుడగలు వస్తాయి. పంపు ఆవిరిని తోయలేదు. రెండోది స్పార్క్‌కు కావలసిన అధిక వోల్టేజీ ఇచ్చే కాయిల్ లేదా కండెన్సర్ వేడికి చేతులెత్తేయడం. మూడోది పెట్రోలు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోవడం. పెట్రోలు ఖాళీ అయిన చోటికి గాలి రాకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపుకు పెట్రోలు అందదు. బండి ఆగాక గాలి మెల్లగా లోపలికి చేరుతుంది, మళ్లీ నడుస్తుంది. ఇది వేడికి సంబంధించిందే కాదు, అయినా వేడి మీదే అనుమానం పోతుంది.

ఆగిన వెంటనే చూస్తేనే ఇవి విడివిడిగా కనిపిస్తాయి. చల్లారాక పరీక్షిస్తే అన్నీ బాగానే ఉంటాయి, మెకానిక్ ఊహ మీద ఆధారపడక తప్పదు. ట్యాంకు మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోతే దోషి మూత. లేకపోతే ఎయిర్ క్లీనర్ తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ కడ్డీని చేత్తో కదిలిస్తారు. లోపల సన్నని ధారగా పెట్రోలు చిమ్మితే ఇంధనం చేరుతోంది. అప్పుడు అనుమానం స్పార్క్ మీదికి మళ్లాలి. ధార లేకపోతే పంపు మీద తడిగుడ్డ వేస్తారు. దాంతో బండి లేస్తే ఆవిరి సంగతి తేలిపోయినట్టే. స్పార్క్ చూసేది అన్నిటికంటే చివర. కార్బురేటర్ మూసి, చిందిన పెట్రోలు లేదని నిర్ధారించుకున్నాక, ప్లగ్గు తీగ కొసను ఇంజన్ ఇనుముకు కొద్ది దూరంలో ఉంచి సెల్ఫ్ కొడతారు. నీలంగా, లావుగా దూకితే సరే, పసుపు రంగులో బలహీనంగా ఉంటే కాయిల్, కండెన్సర్, కాయిల్‌కు కరెంటును కలిపి తెంచే పాయింట్లు చూడాలి.

కాయిల్ విషయంలో మన దగ్గర మళ్లీ మళ్లీ ఎదురయ్యే పొరపాటు ఒకటుంది. పాత కార్లకు సరిపడే కాయిళ్లు రెండు రకాలు. ఒకటి 3 ఓముల నిరోధంతో నేరుగా 12 వోల్టులకు పనిచేసేది. రెండోది 1.5 ఓములది, దానితో పాటు వరుసలో ఇంకో నిరోధకం ఉండాలి. బయటికి రెండూ ఒకే పరిమాణంలో ఉండే వెండి రంగు డబ్బాలు. నిరోధకం లేని కారుకు 1.5 ఓముల కాయిల్ తగిలిస్తే పాయింట్లు మూసి ఉన్నంతసేపు 4 ఆంపియర్ల బదులు 8 పారతాయి. కాయిల్‌లో పుట్టే వేడి 48 వాట్ల నుంచి 96 వాట్లకు పెరుగుతుంది. ఇంటి చుట్టుపక్కల తిరిగినంతసేపు బాగానే ఉంటుంది, స్పార్క్ కూడా ఘనంగా కనిపిస్తుంది. చంద్రగిరి దాటి కాస్త దూరం పోయేసరికి చేత్తో తాకలేనంత వేడెక్కి ఆగిపోతుంది. ఇలాంటి కారుకు పెట్రోలు పంపులు, కార్బురేటర్ కిట్లు ఎన్ని మార్చినా లాభం లేదు.

ఇథనాల్ వాటా ఎంత

ఇప్పుడు అసలు నిందితుడి సంగతి. ఇథనాల్‌లో, అదే పరిమాణం పెట్రోలుతో పోలిస్తే, దాదాపు మూడో వంతు శక్తి తక్కువ. అది మండడానికి కావలసిన గాలి కూడా తక్కువ. ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు, 20 శాతం మిశ్రమానికి సుమారు 13.5 కిలోలు. కంప్యూటర్ ఉన్న కారు సైలెన్సర్‌లోని ఆక్సిజన్‌ను కొలిచి ఇంధనాన్ని తనంతట తాను పెంచుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. పెట్రోలును కొలిచి వదిలే దాని జెట్టు రంధ్రం పాత లెక్కకే తొలిచి ఉంది. ఫలితంగా మిశ్రమం సుమారు 8 శాతం పలచబడుతుంది. చోక్ లేకుండా ఉదయం లేవదు, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం తడబడుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బలం చాలదు. ఇవి నిజంగా కొత్త పెట్రోలు లక్షణాలే. జెట్టు ఒక అంకె పెంచి ట్యూనింగ్ చేస్తే చాలావరకు సర్దుకుంటాయి.

రెండో ప్రభావం పదార్థాల మీద. ఇథనాల్ పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది, పంపు లోపల కదిలే పలుచని పొరను, అంటే డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది. ట్యాంకు గోడలకు ఏళ్ల తరబడి అంటుకున్న జిగురును కరిగిస్తుంది. ఆ మురికి ఫిల్టర్‌లోకి, జెట్టులోకి వచ్చి ఇరుక్కుంటుంది. అందుకే కొత్త పెట్రోలు పోసిన తొలి రోజుల్లో బండి దారుణంగా ఇబ్బంది పెట్టి, రెండు మూడు ఫిల్టర్లు మారాక కుదుటపడటం జరుగుతుంది. ఇథనాల్ తేమను కూడా పీలుస్తుంది. ఏడాదికి నాలుగైదు ముహూర్తాలకే బయటికి తీసే ఊరేగింపు కారు ట్యాంకులో నీరు చేరి, కొంత మోతాదు దాటాక ఇథనాల్‌తో కలిసి అడుగున వేరు పొరగా దిగిపోతుంది. పంపు పీల్చేది అడుగునుంచే.

దీని మీద రెండు వాదాలున్నాయి, రెండింటినీ వినాలి. ఆందోళనల్లో చాలావరకు ఆధారం లేదని పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు నడిచాక రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని, అది ఖరీదైన పని కాదని అంటోంది. దిగుమతి చేసుకునే ముడి చమురు తగ్గడం, రైతులకు ఆదాయం రావడం దాని వాదనకు బలం. పాత బండ్లున్నవారు మైలేజీ పడిపోతోందని, పాత రకం పెట్రోలు కొనుక్కునే అవకాశం ఉండాలని అడుగుతున్నారు. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై 10 శాతానికి సర్దిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ ప్రచురించిన ప్రణాళిక పత్రమే అంచనా వేసింది. ఎంపిక హక్కు కోరుతూ వేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది.

నా లెక్కలో, కార్బురేటర్ ఉన్న ఓపెన్ కారుకు ఇథనాల్ నిజమైన సమస్యే, అయితే తేలికగా లొంగే సమస్య. ఇథనాల్‌ను తట్టుకునే ఎఫ్‌కెఎం రకం రబ్బరు పైపులు, కొత్త డయాఫ్రమ్, శుభ్రం చేసిన ట్యాంకు, సరైన జెట్టు ఉంటే బండి నడుస్తుంది. పాత పైపులను ఉంచేసి కాలం గడపడం మాత్రం ప్రమాదకరం. మెత్తబడిన రబ్బరులోంచి కారే చుక్క వేడి సైలెన్సర్ మీద పడితే నిప్పంటుకుంటుంది. మిగతావి ఖర్చుతో పోయే సంగతులు, ఇది ప్రాణాలతో ముడిపడినది.

ఊరేగింపులో వేడి, ఊరేగింపులో బ్యాటరీ

పెళ్లి ఊరేగింపు పాత కారుకు ఘాట్ రోడ్డు కంటే కఠినమైన పరీక్ష. బండి మనిషి నడకకన్నా నెమ్మదిగా కదులుతుంది, ఎదురుగాలి ఉండదు, ఇంజన్ మెల్లగా తిరుగుతుంది కాబట్టి బెల్టుకు కట్టిన ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది.

వేడెక్కడాన్ని విడదీసి చూసే సూత్రం ఒకటుంది. మెల్లగా పోతున్నప్పుడు వేడెక్కి, హైవే ఎక్కగానే ముల్లు దిగితే లోపం గాలిలో ఉంది: వదులైన బెల్టు, వంగిన ఫ్యాను రెక్క, తీసేసిన ఫ్యాను తొడుగు, రేడియేటర్ ముందు వేలాడే పూలదండలు. ఊళ్లో బాగుండి, హైవే మీదో ఎత్తు మీదో వేడెక్కితే లోపం నీటి ప్రవాహంలోనో, మంటలోనో ఉంది: పూడుకుపోయిన రేడియేటర్ గొట్టాలు, అరిగిన నీటి పంపు, ఆలస్యంగా పడే స్పార్క్, పలచబడిన మిశ్రమం. ఇథనాల్‌కు ఇందులో చోటుంటే ఈ రెండో గుంపులోనే.

బోరు నీరు పోయడం రాయలసీమలో పాత అలవాటు. గట్టినీటిలోని సున్నం రేడియేటర్ గొట్టాల లోపల పొరలు కట్టి వేడిని బయటికి పోనివ్వదు. రేడియేటర్ పైతొట్టి విప్పి గొట్టాల్లోకి సన్నని బద్దలు దూర్చి శుభ్రం చేయడం ఇప్పటికీ నమ్మదగిన వైద్యం. ఆ తర్వాత మళ్లీ బోరు నీరే పోస్తే ఆ శ్రమ వృథా.

రేడియేటర్ మూతను ఎవరూ పట్టించుకోరు. 850 మీటర్ల పైచిలుకు ఎత్తున్న తిరుమలలో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. లోపల ఒత్తిడి చదరపు అంగుళానికి ఒక పౌండు పెరిగితే మరిగే స్థాయి సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. 7 పౌండ్ల మూత సరిగా ఉంటే 108 డిగ్రీల దాకా ఆగుతుంది. మూత లోపలి రబ్బరు ఎండిపోతే ఆ పదకొండు డిగ్రీలూ పోతాయి. నీరు పొంగిందంటే ఇంజన్ చెడిందనుకుంటారు, అరచేతిలో పట్టే మూత దగ్గర ఆగేది ఆ కథ.

ఇంజన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్‌ను తీసేయడం మీద మెకానిక్‌లలో ఏకాభిప్రాయం లేదు. మన ఎండలకు అది అనవసరమని, పట్టేస్తే ఇంజన్ పోతుందని చాలామంది తీసేస్తారు. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి ఆలస్యంగా చేరి, పెట్రోలు తిని, సిలిండర్ గోడలు త్వరగా అరుగుతాయని మిగతావారు అంటారు. కొన్ని ఇంజన్లలో నీరు పక్కదారి పట్టి రేడియేటర్‌కు తక్కువ చేరుతుంది కూడా. రెండో మాటకే ఎక్కువ బలముంది. పట్టేసిందో లేదో వేడినీళ్ల గిన్నెలో వేసి చూస్తే తెలుస్తుంది, దానికోసం తీసి పారేయనక్కర్లేదు.

ఇక బ్యాటరీ. హెరాల్డ్ తరం కార్లలో ఉండేది ఆల్టర్నేటర్ కాదు, డైనమో. ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, మీటరు దగ్గర ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది. రెండు గంటల ఊరేగింపుకు లెక్క వేద్దాం. రెండు హెడ్‌లైట్లు 90 వాట్లు, వెనుక దీపాలు, చిన్నదీపాలు 20, కాయిల్ 40. మొత్తం 150 వాట్లు, అంటే 12.5 ఆంపియర్లు. రెండు గంటల్లో 25 ఆంపియర్ అవర్లు. కొత్త 40 ఆంపియర్ అవర్ బ్యాటరీకే సగం పైన ఖాళీ. రెండేళ్లు వాడినదైతే కల్యాణ మండపం ముందు ఒకసారి ఇంజన్ ఆపాక సెల్ఫ్ తిరగదు. అలంకరణ దీపాలను కూడా దాని మీదే కలిపితే ఇంకా ముందే. డైనమోను బ్యాటరీకి కలిపి విడదీసే కటౌట్ పోయింది, డైనమో కాలిపోయిందన్న తీర్పులు చాలావరకు ఈ లెక్క వేయకుండా ఇచ్చినవే.

ఎక్కడం కంటే దిగడం కష్టం

తిరుమలకు ఎక్కేందుకు 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు, దిగేందుకు 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు వాడతారు. ఎక్కేటప్పుడు తప్పు జరిగితే బండి ఆగుతుంది. దిగేటప్పుడు తప్పు జరిగితే ఆగదు.

నలుగురితో కలిపి 1,100 కిలోల కారు సుమారు 700 మీటర్ల ఎత్తు నుంచి దిగుతుందనుకుందాం. ఆ దిగుడులో విడుదలయ్యే శక్తి రెండు యూనిట్ల కరెంటు పైమాటే, వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెను రెండు గంటలు వేసి ఉంచినంత వేడి. ఇంజన్‌ను రెండో గేరులో ఉంచితే అందులో పెద్ద భాగాన్ని అది మింగుతుంది. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో వదిలితే మొత్తం నాలుగు బ్రేకు డ్రమ్ముల మీదే పడుతుంది.

పెడల్ స్పర్శ ఇక్కడ లోపాన్ని చెబుతుంది. పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే షూల లైనింగు వేడికి పట్టు కోల్పోయింది. చల్లారితే పట్టు తిరిగి వస్తుంది. పెడల్ మెత్తబడి నేలకు దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు కట్టింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ ప్రమాణం 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవి 230, 155. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్‌తో నేల మీద బ్రేకులు బ్రహ్మాండంగా పడతాయి, ఘాట్ మలుపుల్లోనే మోసం చేస్తాయి. ఇక పెడల్‌ను అదిమి పట్టుకుంటే మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి వాషరు అరిగింది. రెండుసార్లు కొడితే పైకి వస్తుంటే షూల సందు పెరిగింది, లేదా పైపులో గాలి చేరింది.

పాత కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ ఒకటే బ్రేక్ పైపు మార్గం. ఒక్కచోట కారినా నాలుగూ పోతాయి. హ్యాండ్ బ్రేక్ ఒక్కటే విడిగా తీగతో పనిచేస్తుంది కాబట్టి దాన్ని నిలిపినప్పుడు మాత్రమే వాడేదిగా చూడకూడదు.

పాత భాగాలా, కొత్త భాగాలా

ఇంత తెలిశాక ఒక ప్రశ్న మిగులుతుంది. డైనమో తీసి ఆల్టర్నేటర్, పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు, విద్యుత్ ఫ్యాను పెట్టేస్తే పోదా? పై ఇబ్బందుల్లో చాలావాటికి అది సూటి సమాధానమే. ముహూర్తానికి బండి లేవాలనుకునేవారికి ఇది న్యాయమైన కోరిక. తయారైన రూపంలోనే ఉంచాలనేవారి వాదనలోనూ పసుంది. పాయింట్లు చెడితే రోడ్డు పక్కన గరుకు కాగితంతో బాగుచేయవచ్చు, ఎలక్ట్రానిక్ పెట్టె చెడితే బండి అక్కడే ఉండిపోతుంది. చెన్నైలోని పుదుపేట, జనరల్ ప్యాటర్స్ రోడ్డు, బెంగళూరులోని జేసీ రోడ్డు లాంటి చోట్ల గాలిస్తే పాత భాగాలు ఇంకా దొరుకుతున్నాయి.

చట్టం దృష్టిలో గీత మరోచోట ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహన నిర్మాణాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిరోధిస్తుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే స్పష్టం చేసింది. పైకప్పు కోసిన పద్మినికి ఇది నేరుగా తగులుతుంది. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మారకుండా ఉన్న బండికి వింటేజ్ నమోదు దొరుకుతుంది. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఆ నమోదు ఉన్న బండిని రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడకూడదు, కాబట్టి ఊరేగింపు కిరాయిలకు ఆ దారి మూసుకుపోయినట్టే.

అందుకే మార్పులు చేసేవారిలో తెలిసినవారు రేకు కోయరు, కొత్త రంధ్రాలు తొలవరు. ఉన్న బోల్టులకే సరిపడే బ్రాకెట్‌తో ఆల్టర్నేటర్ బిగించి, పాత డైనమోను, కటౌట్‌ను నూనె రాసి గుడ్డలో చుట్టి దాచుతారు. ఎప్పుడైనా అసలు రూపానికి మళ్లించాలనుకుంటే అది ఒక పూట పని.